ఉంటే ఇస్తాను, ఉంటే ఇచ్చేవాణ్ణి

పోయిన నెల మా డిపార్ట్‌మెంట్‌లో మాక్ ఇంటర్వ్యూలు పెట్టారు. ఈ ఉద్యోగం వస్తే ఏం చేస్తావని ఇంగ్లీషులో అడిగారు. ‘వుడ్’ అంటే వినయం అనుకుని, "ఇఫ్ ఐ గాట్ దిస్ జాబ్, ఐ వుడ్ వర్క్ హార్డ్" అన్నాను. సార్ నవ్వి, "అంటే రాదని నువ్వే ఫిక్సయిపోయావా?" అన్నారు.

రూమ్‌కొచ్చి గ్రామర్ పుస్తకం తీశాను. ఫస్ట్ కండిషనల్: ఇఫ్ తర్వాత ప్రెజెంట్ టెన్స్, రెండో భాగంలో విల్. జరిగే అవకాశం ఉన్నవాటికి. సెకండ్ కండిషనల్: ఇఫ్ తర్వాత పాస్ట్ టెన్స్, రెండో భాగంలో వుడ్. ఊహలకి, జరగవనుకున్నవాటికి. ఇవన్నీ ఇంటర్‌లో బట్టీ పట్టినవే. ఖాళీలు నింపాం, మర్చిపోయాం.

నిజానికి ఈ తేడా మనకి చిన్నప్పట్నుంచీ తెలుసు. తెలుగులో చూపించినవాళ్లే లేరు.

ఫ్రెండ్‌ని ఐదొందలు అడగండి. "ఉంటే ఇస్తాన్రా" అన్నాడంటే జేబులు వెతుకుతున్నాడు, ఆశ పెట్టుకోవచ్చు. అది ఫస్ట్. "ఉంటే ఇచ్చేవాణ్ణిరా" అన్నాడంటే ఇంకొకణ్ణి చూసుకోవాల్సిందే. అది సెకండ్: "ఇఫ్ ఐ హాడ్ మనీ, ఐ వుడ్ గివ్ యూ."

ఇప్పటి డబ్బు గురించి మాట్లాడుతూ ‘హాడ్’ ఏంటి అంటారా? మన ‘ఇచ్చేవాణ్ణి’ కూడా "స్కూల్లో రోజూ పెన్ను ఇచ్చేవాణ్ణి" అని గతానికి వాడేదే కదా! లేనిదాన్ని చెప్పడానికి రెండు భాషలూ గతాన్నే అరువు తెచ్చుకున్నాయి.

ఒక్కచోట తిరకాసు ఉంది. "కోటి రూపాయలొస్తే ఏం చేస్తావ్?" అని కలల్ని కూడా మనం ‘వస్తే, చేస్తా’ అనే అంటాం. ఇంగ్లీషు అలా వదలదు. గేట్‌కి చదువుతున్నవాడు "ఇఫ్ ఐ గెట్ అ గుడ్ ర్యాంక్" అంటాడు. అప్లికేషనే పెట్టనివాడికి ‘గాట్’ తప్పదు.

తెలుగులో ఆలోచిస్తే ఇంగ్లీషు రాదంటారు. నా అనుభవం దానికి రివర్స్. ఆ రోజు నేను తెలుగులో ఆలోచించనందుకే తప్పు చేశాను. "ఉద్యోగం వస్తే కష్టపడి పనిచేసేవాణ్ణి సార్" అని తెలుగులో ఎవరైనా అంటారా? ఒక్కసారి మనసులో అనుకుని ఉంటే నాలుక ఆగిపోయేది. అందుకే ఇంగ్లీష్ ల్యాబ్‌లో తెలుగుని గుమ్మం బయట నిలబెట్టకండి అంటున్నాను.

ప్లేస్‌మెంట్లు దగ్గరికొచ్చాయి. ఉద్యోగం వస్తే అందరికీ పార్టీ ఇస్తాను. చూశారుగా, ‘ఇచ్చేవాణ్ణి’ అనలేదు.