సీటు సరే, చోటేదీ?

రాత్రి ఎనిమిదవుతుండగా మూసాపేట మెట్రో స్టేషన్ మెట్లు దిగి గబగబా నడిచే అమ్మాయిల్ని ఎప్పుడైనా గమనించారా? వాళ్లలో ఉద్యోగాలు చేసేవాళ్లున్నారు, అమీర్‌పేటలో కోచింగులకి వెళ్లొచ్చే వాళ్లున్నారు, నాలుగు స్టేషన్ల అవతల జెఎన్‌టియులో చదువుకునే వాళ్లూ ఉన్నారు. అందరిదీ ఒకటే తొందర. ప్రైవేటు హాస్టలు గేటుకి తాళం పడేలోగా లోపలికి చేరాలి. సరిగ్గా ఆ వేళకే క్యాంపస్‌లో అసలు జీవితం మొదలవుతుంది. టీ బంకు దగ్గర వాదనలు, నాటకం రిహార్సళ్లు, సంఘాల మీటింగులు, ఏ ఫెలోషిప్‌కి ఎప్పుడు దరఖాస్తు పెట్టాలో, ఏ ఇంటర్వ్యూలో ఏమడుగుతారో సీనియర్లు చెప్పే కబుర్లు. వీటిలో ఆ అమ్మాయికి వాటా లేదు.

మన విశ్వవిద్యాలయాలకి ఈమధ్య 'వైవిధ్యం' అనే మాట తెగ నచ్చింది. అడిగితే అడ్మిషన్ల లెక్కలు ముందు పెడతారు. నిజమే, లెక్కలు మారాయి. 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశంలో 4.33 కోట్ల మంది ఉన్నత విద్యలో ఉంటే, అందులో 2.07 కోట్ల మంది స్త్రీలే. రిజర్వేషన్ల కోసం, స్కాలర్‌షిప్పుల కోసం దశాబ్దాల తరబడి పోరాడి సాధించుకున్న అంకెలివి. వీటిని తక్కువ చెయ్యకూడదు. కానీ జాబితాలో పక్కపక్కనున్న పేర్లు మెస్సులో ఒక బల్ల దగ్గర కూర్చుంటున్నాయా? ఈ ప్రశ్న వెయ్యగానే అధికారుల ముఖాలు మారిపోతాయి. "చదువుకోడానికొచ్చారు, చదువుకోమనండి, ఈ తిరుగుళ్లెందుకు?" అంటారు.

తరగతి గది బయటి జీవితం అంత అనవసరమైనదే అయితే, దాన్ని శిక్షగా ఎందుకు లాక్కుంటారు? హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పుట్టిందే 'ఎవరి చోటు ఎక్కడ' అన్న తగువులోంచి. 1969 తెలంగాణ, 1972 జై ఆంధ్ర ఉద్యమాల తర్వాత, 1973 ఆరు సూత్రాల పథకంలో భాగంగా, రాజ్యాంగంలో 371-ఇ అధికరణ చేర్చి మరీ 1974లో దాన్ని స్థాపించారు. అలాంటి చోట 2015 డిసెంబరులో అయిదుగురు దళిత పరిశోధక విద్యార్థులకి వేసిన శిక్ష ఏమిటి? డిపార్ట్‌మెంటుకీ, లైబ్రరీకీ, సెమినార్లకీ రావచ్చన్నారు. హాస్టళ్లలోకి, పరిపాలనా భవనంలోకి, నలుగురూ కూడే చోట్లకి గుంపుగా రాకూడదన్నారు. విద్యార్థి సంఘ ఎన్నికల్లో పాల్గొనకూడదన్నారు. అంటే పాఠం వినొచ్చు, మనుషుల్లో కలవకూడదు! దీనికి మన ఊళ్లలో ఉన్న పేరు వెలి. 1991లో చుండూరులో దళితుల్ని చంపడానికి ముందు జరిగింది కూడా సాంఘిక బహిష్కరణే. ఆ విద్యార్థులు తాము వేసుకున్న గుడారానికి 'వెలివాడ' అని ఊరికే పేరు పెట్టలేదు. 2016 జనవరి 17న రోహిత్ వేముల మనకి లేకుండా పోయాడు.

స్త్రీల మీద ఇలాంటి ఉత్తర్వు ఎవరూ జారీ చెయ్యరు, ఆ అవసరమే రాదు. వాళ్ల వెలి 'భద్రత' పేరుతో రోజూ సాయంత్రం అమలవుతుంది. ఈ రెండూ ఒకటేనని నేననడం లేదు. దళిత, ఆదివాసీ విద్యార్థిని మీద మాత్రం రెండూ కలిసి పడతాయి. "మీ ఇంటిపేరేమిటి? ఏ ఊరు? ఎంత ర్యాంకొచ్చింది?" అన్న మూడు ప్రశ్నల్లో ఆమె కులం బయటికి లాగుతారు. ఆ తర్వాత ఆమె ఇంగ్లీషు వింటారు. గేటు మూసెయ్యకముందే ఆమె చుట్టూ గోడ లేచి ఉంటుంది.

భద్రత వాదానికి చట్టమే సమాధానం చెప్పింది. లైంగిక వేధింపుల నివారణకి యూజీసీ తెచ్చిన 2015 నిబంధనలు, భద్రతని సాకుగా చూపి హాస్టళ్లలో విద్యార్థినులకి మగపిల్లలకి లేని ఆంక్షలు పెట్టకూడదని స్పష్టంగా చెప్పాయి. ఫహీమా షిరీన్ అనే విద్యార్థిని హాస్టల్లో సెల్‌ఫోన్ మీద ఆంక్షని ఎదిరిస్తే, 2019లో కేరళ హైకోర్టు ఆమె పక్షాన నిలిచింది. అయితే ఈ నిబంధనలు మూసాపేట సందులోని ప్రైవేటు హాస్టలు యజమానిని ఏం చేస్తాయి? అందుకే హాస్టలు కట్టకపోవడం కేవలం నిధుల సమస్య కాదు. సీటిచ్చి గది ఇవ్వకపోవడమంటే, తాను చట్టప్రకారం వెయ్యలేని తాళాన్ని విశ్వవిద్యాలయం ఇంకొకడి చేత వేయించడమే. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఉచితమయింది, మంచిదే. బస్సు ఆమెని క్యాంపస్‌కి చేరుస్తుంది, సాయంత్రం అక్కడ ఉండనివ్వలేదు.

ఇక మన మాట. 1990లో మండల్ వ్యతిరేక ఆందోళనల్లో అగ్రకుల విద్యార్థినులు నిరుద్యోగ భర్తలు మాకొద్దంటూ ప్లకార్డులు పట్టుకుని రోడ్డెక్కారు. 'స్త్రీ' అన్న మాట చాటున కులం ఎలా దాక్కుంటుందో సూసీ థారు, తేజస్విని నిరంజన ఆ తర్వాత విశ్లేషించి చూపించారు. ఆ పాఠం మనకి ఒంటబట్టిందా? గేటు వేళలు సడలించమని మాత్రమే అడిగితే ఆ స్వేచ్ఛ ఎవరికి దక్కుతుంది? లోపల గది దొరికినవాళ్లకి, ఇంటి దగ్గర కారున్నవాళ్లకి. హాస్టలు సీట్లు మాత్రమే అడిగితే, కట్టిన హాస్టళ్లు కాపలా కొట్లవుతాయి. ఈ రెండు కోరికల్నీ విడదీసినప్పుడల్లా నష్టపోయేది ఒకే అమ్మాయి.

అందుకని కలిపే అడుగుదాం. బయటూరి నుంచి వచ్చి సీటు తెచ్చుకున్న ప్రతి విద్యార్థినికీ క్యాంపస్‌లో గది ఇవ్వాలి. ఆడపిల్లలకీ మగపిల్లలకీ ఒకే నియమాలుండాలి. లైబ్రరీ మూసే వేళ తర్వాతే ఆఖరి బస్సు బయలుదేరాలి. కులవివక్ష మీద, లైంగిక వేధింపుల మీద వేసే కమిటీల్లో దళిత, ఆదివాసీ, ముస్లిం విద్యార్థినులు ఉండాలి. అడ్మిషన్ల లెక్కలు ఏటా ప్రకటిస్తున్నారు కదా, ఎంతమంది విద్యార్థినులకి గది ఇవ్వలేకపోయారో ఆ లెక్క కూడా వాటి పక్కనే ప్రకటించమనండి. వైవిధ్యం గురించి ఆ తర్వాత మాట్లాడుకుందాం.