'పదకొండు బీ' ఎర్రరు, ప్రింటర్ల ఇక్కట్లపై శాఖాధిపతి గారికి వినతిపత్రం

గౌరవనీయులైన శాఖాధిపతి గారి దివ్య సముఖమునకు,

జిల్లా, డివిజన్ కార్యాలయాల మినిస్టీరియల్ సిబ్బంది, కంప్యూటర్ ఆపరేటర్ల సంఘం సవినయంగా సమర్పించుకొను వినతి.

విషయం: కంప్యూటర్లలో ఆపరేటింగ్ సిస్టమ్ మార్పుల వల్ల ఆగిపోతున్న పని, ముఖ్యంగా ప్రింటర్ల గురించి – తక్షణ చర్య కోరుతూ.

సూచిక: ఇదే విషయమై 2021 దసరా మొదలు నేటి వరకు మేమిచ్చిన వినతిపత్రాలన్నీ. (వేటికీ జవాబు రాలేదు గనుక తమ లేఖ నంబరు రాయలేకపోతున్నాం.)

అయ్యా,

పూర్వాపరాలు తమకు తెలియనివి కావు. కంప్యూటర్లు ఏ సంవత్సరం కొన్నారో, ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) ఎవరికిచ్చారో, అడ్మిన్ పాస్‌వర్డు ప్రధాన కార్యాలయం దాటి ఎందుకు రాదో, ఆ ఫైళ్లన్నీ తమ దగ్గరే ఉన్నాయి. నేరుగా ప్రింటర్ల సంగతికి వస్తున్నాం.

మా కార్యాలయాల్లో సెక్షన్‌కొక ప్రింటరు. అది ఒక టేబుల్ మీది కంప్యూటరుకు యూఎస్‌బీ తీగతో తగిలించి ఉంటుంది. మిగతావాళ్లు నెట్‌వర్క్‌లో షేరింగ్ పెట్టుకుని దానికే ప్రింటు ఇస్తారు. ఏళ్ల తరబడి ఇలాగే నడిచింది. 2021 సెప్టెంబరు 14న మైక్రోసాఫ్ట్ నెలవారీ అప్‌డేట్ విడుదలైంది. విండోస్ 10లో దాని నంబరు కేబీ5005565. అది మా ప్రింటరున్న కంప్యూటర్లలోకి ఎక్కిన రోజు నుంచి పక్క టేబుల్ వాళ్లు ప్రింటు ఇవ్వబోతే బోలెడు సున్నాల తర్వాత 11బీ అని ముగిసే ఎర్రరు వస్తోంది. మా సిబ్బంది దాన్ని 'పదకొండు బీ' అంటారు. కొత్తగా చేరినవాళ్లు సిటీ బస్సు నంబరనుకుంటారు.

ఇది మా చేతకానితనం వల్ల వచ్చింది కాదని మొదటి వినతిపత్రంలోనే వివరించాం. ఎవరూ చదివినట్టు లేదు కనుక మళ్లీ రాస్తున్నాం. ప్రింటు పంపే కంప్యూటరు, ప్రింటరున్న కంప్యూటరు సమాచారం ఇచ్చిపుచ్చుకునే పద్ధతిలో ఒక లొసుగు బయటపడింది. 2021 జనవరిలోనే దానికి మరమ్మతు వచ్చింది. అయితే కట్టుదిట్టంగా అమలు చేయాలా వద్దా అన్నది అప్పటికి వాడుకునేవాళ్ల ఇష్టానికి వదిలారు. సెప్టెంబరు అప్‌డేట్‌తో దాన్ని తప్పనిసరి చేశారు. జనవరి మరమ్మతు అందుకోని కంప్యూటరు నుంచి ప్రింటు ఇస్తే అవతలి కంప్యూటరు తీసుకోదు. అప్పట్లో మా టేబుళ్ల మీద సగానికి పైగా విండోస్ 7వే. వాటికి ఉచిత అప్‌డేట్లు 2020 జనవరి 14తోనే ఆగిపోయాయి. అంటే ఆ మరమ్మతు వాటికి ఉచితంగా అందే దారే లేదు. కొన్నింటికి అప్‌డేట్లు వస్తూ కొన్నింటికి రాకుండా కలగాపులగంగా ఉన్న ఆఫీసులో ఇది జరగక తప్పదు. ఆ కలగాపులగం చేసింది మేము కాదు.

దీనికి ముందే, అదే సంవత్సరం ఆగస్టు 10 నాటి అప్‌డేట్‌తో ఇంకో చిక్కు వచ్చి పడింది. జులైలో 'ప్రింట్‌నైట్‌మేర్' అనే లోపం లోకమంతా గగ్గోలు పుట్టించాక, షేరింగ్ ప్రింటరు డ్రైవరు ఎక్కించాలంటే అడ్మిన్ అధికారం ఉండి తీరాలన్నారు. భద్రత దృష్ట్యా సబబే, మేమూ ఒప్పుకుంటాం. కానీ మా అడ్మిన్ పాస్‌వర్డు ప్రధాన కార్యాలయంలో ఉంటుంది. పాత ప్రింటరు చెడి కొత్తది వస్తే, అట్టపెట్టె విప్పడం వరకే మా అధికారం.

ఇక తమ కార్యాలయం నుంచి ఫోన్లలో అందిన సలహాలు. లిఖితపూర్వకంగా ఒక్కటీ లేదు. మొదటి సలహా, ఆ అప్‌డేట్ తీసేయమని. ఏఎంసీ టెక్నీషియన్ వచ్చి తీశాడు, ప్రింటు వచ్చింది. మరుసటి నెల రెండో మంగళవారం అమెరికాలో కొత్త అప్‌డేట్ వదిలారు. పాతవాటిలో ఉన్నదంతా కలుపుకునే అది వస్తుంది కనుక పదకొండు బీ కూడా దాంతోపాటే వచ్చింది. రెండో సలహా, రిజిస్ట్రీలో ఒక విలువను సున్నా చేయమని. అలా చేస్తే ప్రింటు వస్తుంది, మైక్రోసాఫ్ట్ మూసిన కంత కూడా తిరిగి తెరుచుకుంటుంది. అలా తెరిచినట్టు ఏ ఫైల్లోనైనా రాసుకున్నారా? రేపు ఏదైనా జరిగితే సంజాయిషీ మెమో ఎవరి పేరున వస్తుందో మాకు తెలుసు. మూడో సలహా అన్నిటికన్నా ఘనమైనది. అసలు అప్‌డేట్లే ఆపేయమన్నారు. ఆ పక్షంలోనే తమ సంతకంతో, కంప్యూటర్లన్నీ ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయనివారిపై చర్య తీసుకుంటామని సర్క్యులర్ వచ్చింది. రెండింటిలో ఏది పాటించాలో తెలుపవలసిందిగా రాశాం. ఆ ఉత్తరం కూడా పైన సూచికలో ఉంది.

అప్‌డేట్లు ఆపేస్తే ఏమవుతుందో ఈ శాఖకు మేం చెప్పాలా? 2017 మే 12న వన్నాక్రై విరుచుకుపడినప్పుడు దాన్ని అడ్డుకునే మరమ్మతు మార్చిలోనే వచ్చి ఉంది. వేసుకోనివాళ్ల ఫైళ్లకే తాళాలు పడ్డాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని ఆ దెబ్బ తిన్నాయి.

కొత్త కంప్యూటర్లు వస్తే తీరుతుందని 2022లో నోటిమాటగా హామీ ఇచ్చారు. కొన్ని వచ్చాయి, విండోస్ 11వి. 22హెచ్2 అనే విడుదలతో అందులో ప్రింటు సమాచారం పంపే మార్గాన్నే మార్చేశారు. పాత కంప్యూటరుకు ప్రింటు ఇస్తే ఇప్పుడు 709 ఎర్రరు. 2024 అక్టోబరులో 24హెచ్2 వచ్చింది. పాస్‌వర్డు లేకుండా అతిథి హోదాలో తెరుచుకునే షేర్డ్ ఫోల్డర్లను అది రానివ్వదు. దాంతో స్కానరు పంపే కాగితాలు పడే ఫోల్డరు కూడా మూతపడింది. నిజానికి ఇవేవీ తప్పులు కావు, కట్టుదిట్టాలే. ముందుగా తెలుసుకుని సర్దుకోవలసినవాళ్లు సర్దుకోకపోవడమే మా ఫిర్యాదు. విండోస్‌లో ట్రబుల్‌షూటర్ అని ఒకటుంటుంది. అది కాసేపు వెతికి సమస్య ఏమిటో కనిపెట్టలేకపోయానంటుంది. తమ కార్యాలయం ఇన్నేళ్లలో ఆ మాటైనా అనలేదు.

ఈలోగా పని ఎలా నడుస్తోందంటే, పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని ప్రింటరున్న టేబుల్ దగ్గర వరుసలో నిలబడి. ఆ టేబుల్ గుమాస్తా తన పని మానుకుని లేచి కుర్చీ ఇవ్వాలి. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మార్చే వైరసు ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కు ఇలాగే పాకింది. దాని మీద విచారణ జరిపి, పెన్‌డ్రైవ్‌లు నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. ప్రింటరు షేరింగ్ లేదు, పెన్‌డ్రైవ్ లేదు, మరి కాగితం ఎలా రావాలి? ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపుకు వాట్సాప్‌లో పంపి తెచ్చుకుంటున్నాం, మా సొంత డబ్బుతో. 'గోప్యం' అని ముద్ర పడవలసిన చార్జి మెమోలు ఆ షాపు కంప్యూటరులో డౌన్‌లోడ్స్ ఫోల్డరులో సినిమా పాటల పక్కన పడి ఉన్నాయి. చూసినవాళ్లు చెబితే మాకు తెలిసింది.

పరిష్కారం పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదని మూడు వినతుల కిందటే మనవి చేసుకున్నాం. లాన్ పోర్టు ఉన్న ప్రింటర్లు కొనండి. తీగ నేరుగా నెట్‌వర్క్ స్విచ్‌కు తగిలించి, ప్రింటరుకు మారని ఐపీ చిరునామా ఒకటి ఇప్పించండి. ప్రతి కంప్యూటరూ ఆ చిరునామాకే నేరుగా పంపుతుంది. మధ్యలో ఇంకొక కంప్యూటరు ఉండదు, షేరింగ్ ఉండదు, పదకొండు బీ గాని 709 గాని రావడానికి చోటే ఉండదు. ఒక సెక్షన్‌లో ఇప్పటికే ఉన్న ప్రింటరుకు వెనక ఆ పోర్టు ఉంది. దానికి అంటించిన ప్లాస్టిక్ బిరడా ఇంతవరకు ఎవరూ తీయలేదు. అక్కడితోనైనా మొదలుపెట్టవచ్చు. అడ్మిన్ అధికారం మా అందరికీ వద్దు. జిల్లాకు ఒక్కరికి, శిక్షణ ఇచ్చి, బాధ్యత రాయించుకుని ఇప్పించండి.

మిగతావి క్లుప్తంగా. విండోస్ 10కి ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ తేదీ ఎప్పుడో ప్రకటించినది, హఠాత్తుగా ఊడిపడినది కాదు. మా కంప్యూటర్లలో చాలావాటికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు లేదు, ఇంటెల్ ఎనిమిదో తరం కంటే పాత ప్రాసెసర్లు, కనుక విండోస్ 11కు అర్హత లేదు. సంస్థలకు పొడిగింపు అప్‌డేట్లు కావాలంటే మొదటి ఏడాది కంప్యూటరుకు 61 డాలర్లు, ఆపై ఏటా రెట్టింపు. ఆ డబ్బు కడతారో, కొత్తవి కొంటారో, కేరళ బడుల్లో ఏళ్లుగా నడుస్తున్నట్టు లైనక్స్‌కు మారుస్తారో నిర్ణయం తమదే. నిర్ణయమంటూ ఒకటి ఉండాలి. ఆ అర్హత తనిఖీని దాటవేసి విండోస్ 11 ఎక్కించి పోతున్న టెక్నీషియన్‌ను మాత్రం ఆపించండి.

ప్రధాన కార్యాలయం తెలుగు సర్క్యులర్లు ఇంకా యూనికోడ్ కాని పాత ఫాంటులోనే పంపుతోంది, మా దగ్గర తెరిస్తే తెలుగు బదులు రోమన్ గీతలు కనిపిస్తాయి. తెలుగు యూనికోడ్‌లోకి చేరింది 1991లో, విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది 2001లో.

కొన్ని కంప్యూటర్ల మదర్‌బోర్డు మీది బటన్ సెల్ అయిపోయి, ఆన్ చేసినప్పుడల్లా తేదీ ఏళ్లు వెనక్కి పోతోంది, దాంతో ఏ పోర్టలూ సురక్షితం కాదంటూ బ్రౌజరు తెరవనివ్వదు. ఆ సెల్లుకు పెట్టిన ఇండెంటు సూపరింటెండెంటు గారి దగ్గర సంతకానికి ఉంది.

జీతాల బిల్లు వేసే రోజుల్లో పని మధ్యలో రీస్టార్ట్ కాకుండా అప్‌డేట్ సమయాలు సాయంత్రానికి మార్పించగలరు.

ఈసారి మాకు ఫోను వద్దు. నెలాఖరు బిల్లుల లోపు లిఖితపూర్వకమైన జవాబు, ఏ అధికారి ఏ తేదీకి ఏం చేస్తారో తెలిపేది, ఇప్పించవలసిందిగా కోరుతున్నాం. అది రాకపోతే వచ్చే నెల నుంచి నివేదికలు చేత్తో రాసి పంపుతాం. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ వారి లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల విండోస్ కంప్యూటర్లు మొరాయించినప్పుడు శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తోనే రాసి ఇచ్చారు, విమానాలు ఎగిరాయి. చేతిరాత చెల్లదని తిప్పి పంపకుండా ముందుగానే ఉత్తర్వు ఇప్పించవలసిందిగా కూడా ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయులు,
అధ్యక్షులు, కార్యదర్శి, సంఘ సభ్యులు

జతపరచినవి: పాత వినతిపత్రాల నకళ్లు, తమ కార్యాలయం వేసిన స్వీకార ముద్రలతో సహా, పరస్పర విరుద్ధమైన సర్క్యులర్లు, ఎర్రర్ల తెర చిత్రాలు, ఈ వినతిపత్రం ప్రింటు ఖర్చుతో కలిపి జిరాక్స్ షాపు రసీదులు, మంజూరు నిమిత్తం.