ముఖం చూసి నేరం నిర్ణయించవచ్చునా?



డిటెక్టివు కథలకు మనవారు పెట్టుకున్న పేరు 'అపరాధ పరిశోధన'. చక్కని పేరు. అమరకోశంలో 'అపరాద్ధపృషత్కుడు' అనే మాట ఉన్నది. బాణం గురి తప్పిన విలుకాడని దాని అర్థం. ఆ లెక్కన అపరాధి గురి తప్పినవాడు, పరిశోధకుడు గురి తప్పనివాడు. చిన్ననాటినుండి నా మనస్సులో ఉన్న విభజన ఇదే. అది సరికాదని ఈ వయస్సులో ఒక కంప్యూటరు ఆట నాకు బోధపరచింది. తెలుగు పండితునికి ఆటలతో పనేమిటని నవ్వదలచినవారు చివరిదాకా చదివి నవ్వవలసిందిగా మనవి.

మా తరంవారు కొమ్మూరి సాంబశివరావుగారి నవలలను పాఠ్యపుస్తకం చాటున దాచుకొని చదివినవారే. మా పి.గన్నవరం పాత అక్విడక్టు దగ్గర, పైన కాలువ, క్రింద వైనతేయ పారుతుండగా, డిటెక్టివు యుగంధర్‌తో, ఆయన సహాయకుడు రాజుతో ఎన్నో సాయంకాలాలు గడిపాను. హంతకుడెవరో తెలియక గుండె కొట్టుకొనేది కాని, యుగంధర్ పొరపడతాడేమో అన్న దిగులు ఒక్కనాడూ కలుగలేదు.

మన సినిమాలూ చాలావరకు ఈ దారినే నడిచాయి. వంశీగారి 'అన్వేషణ' (1985) అడవి, చీకటి, ఇళయరాజా సంగీతం కలిసి భయపెట్టిన చిత్రం. అందులో అందరిమీదా అనుమానం కలుగుతుంది, చివరకు అన్నీ విడిపోతాయి. మరుసటి సంవత్సరం, మల్లాది వెంకటకృష్ణమూర్తిగారి నవల ఆధారంగా జంధ్యాలగారు తీసిన 'చంటబ్బాయ్' డిటెక్టివును హాస్యనాయకుణ్ణి చేసింది. రెండూ నాకు ఇష్టమైనవే. ఒకటి భయపెట్టి ఊరడిస్తుంది, మరొకటి నవ్వించి ఊరడిస్తుంది. ఊరడించి పంపడం మన సంప్రదాయం.

ఊరడించకుండా పంపే కథలకు ఫ్రెంచి విమర్శకులు 1946లో 'ఫిల్మ్ నువార్' అని పేరు పెట్టారు. నల్లని చిత్రమని అర్థం. నలుపు తెరమీది నీడలలోనే లేదు, పరిశోధకునిలోనూ ఉన్నది. ఆ బాణీలో తరువాత వచ్చిన 'చైనాటౌన్' (1974) లాస్ ఏంజెలెస్ నగరపు నీటి దొంగతనం చుట్టూ తిరిగే కథ. కాలువ నీటి విలువ తెలిసిన కోనసీమవారికి దానిని వేరుగా వివరించనక్కరలేదు. అందులో డిటెక్టివు ఒక స్త్రీని కాపాడాలని చేసిన ప్రయత్నమే ఆమె చావుకు దారి తీస్తుంది. మన 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' (2019) నవ్వులతో మొదలైనా, పరిశోధకుడే అనుమానితుడై లాకప్పులో కూర్చునేసరికి ఆ ఛాయలోకి ఒక అడుగు వేసిందని నా అభిప్రాయం.

ఇక ఆట సంగతి. సంక్రాంతికి వచ్చిన మా అబ్బాయి, "నాన్నగారూ, మీకు డిటెక్టివు కథలిష్టం కదా, ఇది చూడండి" అంటూ 'ఎల్.ఏ. నువార్' అనే ఆట చూపించాడు. 2011లో వచ్చినది. 1947నాటి లాస్ ఏంజెలెస్‌లో కోల్ ఫెల్ప్స్ అనే పోలీసు డిటెక్టివుగా మనమే నేరాలు విచారించాలి. నటుల ముఖాలను 32 కెమెరాలతో చిత్రించి అందులో పెట్టారట. సాక్షి కన్ను తిప్పినా, పెదవి కొరికినా కనిపిస్తుంది. ఆ ముఖం చూసి అతడు చెప్పినది నిజమో, సందేహించదగినదో, అబద్ధమో మనమే తేల్చాలి.

హత్యల విభాగంలో ఒకరి తరువాత ఒకరిని పట్టి అప్పగించాము. ప్రతిసారీ మా అబ్బాయి నాకేసి గర్వంగా చూశాడు. చివరకు తేలినదేమంటే, హంతకుడు వేరొకడు. మేము పట్టించినవారు నిర్దోషులు. ఆటగాడు ఎంత జాగ్రత్తగా ఆడినా ఇది తప్పదు. పైగా ఆ నిజాన్ని లోకానికి చెప్పకుండా కప్పిపుచ్చుతారు.

మా వాడు, "భలే మలుపు కదా" అన్నాడు. నేను మాట్లాడలేకపోయాను.

1987లో నేను తొమ్మిదవ తరగతికి క్లాసు టీచరును. పిల్లలు కట్టిన పరీక్ష ఫీజు డబ్బు కనపడలేదు. ఒక్కొక్కరిని నిలబెట్టి అడిగాను. ఒక పిల్లవాడు తల వంచుకున్నాడు, చెమటలు పోశాయి, మాట తడబడింది. నాకు అంతే చాలింది. తరగతి అందరి ఎదుటా దొంగ అన్నాను. కొబ్బరి దింపు తీసే అతని తండ్రి మరునాడు అప్పు చేసి ఆ సొమ్ము తెచ్చి నా బల్లమీద పెట్టాడు. పది రోజుల తరువాత ఏదో పదానికి అర్థం చూడబోతే, నా శబ్దరత్నాకరం పుటల మధ్య ఆ నోట్లు కనిపించాయి. దాచినది నేనే, మరచినదీ నేనే.

తండ్రికి డబ్బు తిరిగి ఇచ్చి చేతులు పట్టుకున్నాను. కాని తరగతిలో నిలబడి, తప్పు నాదని చెప్పలేదు. ఉపాధ్యాయుని మర్యాద పోతుందనుకున్నాను. ఆ పిల్లవాడు బడి మానలేదు కాని, నా పాఠం జరిగినన్నాళ్లూ తల ఎత్తలేదు.

అతడు పేదవాడు. పెద్దలముందు తల వంచడం అతనికి ఇంట్లో నేర్పిన వినయం. నేను దానిని నేరమని చదివాను.

అందుచేత నా విన్నపమొకటే. తెలుగులో డిటెక్టివు కథ వ్రాసేవారు, సినిమా తీసేవారు, ఆటలు తయారుచేసే మన పిల్లలు, పరిశోధకుణ్ణి అప్పుడప్పుడు పొరపడనివ్వాలి. ఆ పొరపాటు వలన నష్టపోయినవాని ఇంటికి కూడా కథను తీసుకువెళ్లాలి. ఎప్పుడూ గెలిచే యుగంధర్‌ను చదివి పెరిగిన నాకు, నేను పొరపడగలనన్న ఊహే రాలేదు. ఆ నవలల తప్పు అది కాదు, నాదే. అయినా, అటువంటి కథ ఒక్కటి ఆ వయస్సులో చదివి ఉంటే, ఆ పిల్లవాణ్ణి దొంగ అనేముందు నా నిఘంటువొకసారి తెరచి ఉందునేమో.

ఆనాడు తరగతిలో చెప్పవలసిన మాట ఇక్కడ చెబుతున్నాను. తప్పు నాది.