పాత నీటిమట్టం చూపే వెబ్‌సైటు ఎవరికి మేలు?

కొత్తగూడెం: వానాకాలం వచ్చిందంటే జిల్లా ప్రజల చూపంతా భద్రాచలం వద్ద గోదావరి మీదనే ఉంటుంది. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చిన సంగతి ఏటి ఒడ్డు పల్లెలు మరువలేదు. ఒకప్పుడు ఈ కబురు దండోరాతో, రేడియోతో తెలిసేది. నేడు చాలామంది సెల్‌ఫోనులో చూసుకుంటున్నారు. అందువల్ల ఇటువంటి కబురు అందించే వెబ్‌సైట్లు నడిపేవారి బాధ్యత పెరిగింది.

వరద రాత్రి వేలమంది ఒక్కసారిగా తెరిస్తే చిన్న సైటు తట్టుకోలేదు. అడిగిన ప్రతి ఒక్కరికీ సర్వరు సమాచారమంతా వెదికి, పేజీని కొత్తగా తయారు చేయవలసి రావడమే ఇందుకు కారణం. దీనికి విరుగుడు క్యాషింగ్. ఈ మాటకు నగదుతో సంబంధం లేదు. ఒకసారి తయారైన పేజీ నకలు దాచి, తరువాత వచ్చిన వారందరికీ దానినే చూపే ఏర్పాటు ఇది. పాల్వంచ విద్యుత్ కేంద్రం యార్డులో బొగ్గు నిల్వ ఉంచుకున్నట్లే. అయితే బొగ్గు నిన్నటిదైనా మండుతుంది. నీటిమట్టం నిన్నటిదైతే ప్రాణం మీదకు వస్తుంది.

సర్వరు బాగోగులు కంపెనీయే చూసుకునే మేనేజ్డ్ హోస్టింగ్‌లో చాలావరకు క్యాషింగ్ ముందే అమర్చి ఉంటుంది. ఆ సంగతి అడగకుండా వర్డ్‌ప్రెస్ సైటుకు మరో ప్లగిన్ తగిలించడం కొందరికి అలవాటు. అప్పుడు నకళ్లు రెండు చోట్ల నిలుస్తాయి. ఒకచోట తుడిచినా రెండోచోట పాత అంకె మిగిలిపోవచ్చు. కొన్ని కంపెనీలు అటువంటి ప్లగిన్లను అసలు అనుమతించవు. కనుక కంపెనీని ముందుగా మూడు విషయాలు అడగాలి. నకలు ఎక్కడ ఉంటుంది? ఎంతసేపు ఉంటుంది? పేజీ మార్చగానే తుడిచిపెట్టుకు పోతుందా?

క్యాషింగే వద్దని కొందరు, రోజంతా ఉంచితే సైటు వేగంగా ఉంటుందని మరికొందరు వాదిస్తారు. రెండూ సరికాదు. ఊరి చరిత్ర, ఫోటోల వంటి పేజీల నకలు ఒక రోజు ఉన్నా నష్టం లేదు. నీటిమట్టం పేజీకి ఒక నిమిషం చాలు. ఆ నిమిషంలో వెయ్యిమంది చూసినా సర్వరు పేజీని తయారు చేసేది ఇంచుమించు ఒక్కసారే. ఆ పేజీని ఫోనులోని బ్రౌజరు కూడా దాచుకోకుండా చూడాలి. లాగిన్, టికెట్ల బుకింగ్, చెల్లింపుల పేజీలను మాత్రం ఎన్నడూ క్యాష్ చేయరాదు. ఒకరి వివరాలు మరొకరికి కనిపించే ప్రమాదం ఉన్నది.

అన్నిటికన్నా ముఖ్యం, అంకె పక్కన అది ఎన్ని గంటలకు కొలిచిన మట్టమో రాయడం. అప్పుడు పాత నకలు కనిపించినా చదువరి మోసపోడు.

ఏరు పొంగిన తరువాత సైటును సరిచేయబూనడం మునిగిన ఇంటికి గట్టు వేయడమే. నిర్వాహకులు వానలకు ముందే ఒక అంకె మార్చి, లాగిన్ లేని వేరొక ఫోనులో అది ఎంతసేపటికి మారిందో చూసుకోవాలి. లాగిన్ అయిన వారికి చాలాసార్లు నకలు కాక అసలు పేజీయే కనిపిస్తుంది. పల్లెలో ఉన్న వానికి కనిపించేది నకలే. అది సరిగా ఉన్నదా లేదా అన్నదే అసలైన పరీక్ష.