ఇళ్ల సంఘానికి పెద్ద ఎవరు?

కూడు, గుడ్డ, గూడు మనిషికి తప్పనిసరి అని చిన్నప్పటి నుంచి చదువుకుంటున్నాం. మన హాస్టల్ ఈ మూడూ ఇస్తున్నది. కానీ వేసవి సెలవులకు హాస్టల్‌కు తాళం వేసి, ట్రంకు పెట్టె మోసుకుని బస్సెక్కిన రోజున మూడోది మనకు సొంతం కాదని తెలిసివస్తుంది. మా ఇంట్లో వాన పడితే పుస్తకాల పెట్టెను మంచం మీదికి ఎక్కించి, దాని మీద యూరియా సంచి కప్పుతాం. మీలో చాలామంది ఇళ్లు ఇలాంటివేనని నాకు తెలుసు. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో పేదల ఇళ్ల కోసం పనిచేసే సంఘాన్ని ఎవరు నడపాలి, ఎలా నడపాలి అనే విషయం మీద నా అభిప్రాయం రాస్తున్నాను.

ఈ అభిప్రాయం నాకు ముందుగా పుస్తకాల నుంచి రాలేదు. నేను ఏడో తరగతిలో ఉండగా మా వాడలో ఒక ఇళ్ల సంఘం పెట్టారు. పట్నం నుంచి వచ్చిన ఒక చదువుకున్నాయన దానికి అధ్యక్షుడు. మాట నెమ్మది, అందరినీ పేరు పెట్టి పలకరించేవాడు. ఇంటికి వెయ్యి రూపాయలు కట్టమంటే మా అమ్మ పత్తి ఏరిన కూలి డబ్బులు కట్టింది. రసీదు కూడా ఇచ్చారు. మొదటి ఏడాది మీటింగులు జరిగాయి. తర్వాత ఆయనకు వేరే ఊళ్లో పని పడింది. లెక్కల పుస్తకం, బ్యాంకు పాసుబుక్కు ఆయన దగ్గరే ఉండిపోయాయి. ఏ ఆఫీసులో ఏ కాగితం ఇచ్చారో ఆయనకే తెలుసు. ఆయన దొంగ అని నేను అనను. కానీ ఆయన వెళ్లిపోతే సంఘమూ పోయింది. ఆ రసీదు ఇప్పటికీ మా అమ్మ రేషన్ కార్డుతో పాటు దాచుకుంది. ఆ తర్వాత ఎవరు వచ్చి సంఘం అన్నా మా వాడవాళ్లు "మళ్లా సంఘమా?" అని లోపలికి వెళ్లిపోతారు. నా లెక్కలో పోయిన వెయ్యి రూపాయల కన్నా పోయిన ఆ నమ్మకమే పెద్ద నష్టం.

మరి పేదల ఇళ్ల సంఘాలన్నీ ఇంతేనా? కాదు. దీని గురించి వెతికి చదివినప్పుడు నాకు ముంబైలో జరిగిన పని గురించి తెలిసింది.

కోలారు బంగారు గనుల ప్రాంతంలో పుట్టిన జోకిన్ అర్పుతం 1960లలో బతుకుతెరువు కోసం అప్పటి బొంబాయికి వెళ్లి వడ్రంగి పని చేశారు. జనతా కాలనీ అనే మురికివాడలో నివసించారు. అక్కడ చెత్త ఎత్తేవాళ్లు లేకపోతే పిల్లలను కూడగట్టి ఆ చెత్తను మోయించి మున్సిపల్ ఆఫీసు ముందు పోయించారు. ఆ కాలనీని ఖాళీ చేయించకుండా ఏళ్ల తరబడి పోరాడారు. కానీ 1976లో, ఎమర్జెన్సీ కాలంలో, దాదాపు 70 వేల మంది ఉన్న ఆ కాలనీని కూల్చి, వారిని చీతా క్యాంపు అనే చోటికి తరలించారు. ఆయన ఓడిపోయారు గాని పని మానలేదు. మురికివాడల వాళ్లందరినీ కలుపుతూ జాతీయ సమాఖ్యను నిర్మించారు.

1984లో షీలా పటేల్, మరికొందరు కలిసి స్పార్క్ అనే స్వచ్ఛంద సంస్థను స్థాపించారు. 1985లో సుప్రీంకోర్టు జీవించే హక్కులో జీవనోపాధి కూడా ఉందని చెబుతూనే, నోటీసు ఇచ్చి ఫుట్‌పాత్ గుడిసెలను తొలగించవచ్చని తీర్పు చెప్పింది. ఆ ఏడాదే స్పార్క్ వాళ్లు ఫుట్‌పాత్‌ల మీద బతికే దాదాపు 6 వేల కుటుంబాల లెక్క తీశారు. ఏ రిజిస్టరులోనూ పేరు లేని మనుషులకు అది మొదటి రిజిస్టరు అయింది. 1986లో బైకుల్లా ప్రాంతంలో ఫుట్‌పాత్ మీద కాపురం ఉండే ఆడవాళ్లు మహిళా మిలన్ అనే సంఘం పెట్టుకున్నారు. సమాఖ్య, మహిళా మిలన్, స్పార్క్ మూడూ కలిసి పనిచేశాయి.

ఇక్కడ మనం గమనించవలసింది పని పంపకం. రిజిస్ట్రేషను, బ్యాంకు, దస్తావేజులు, ఆఫీసులకు రాసే ఉత్తరాలు చదువుకున్నవాళ్ల సంస్థ చూసుకుంది. జనాన్ని కూడగట్టడం, లెక్క తీయడం, పొదుపు చేయడం, ఇల్లు ఎలా ఉండాలో నిర్ణయించడం గుడిసెల్లో ఉన్నవాళ్ల చేతిలో ఉంది. చదువు రాని ఆడవాళ్లు రంగు కాగితాల ముక్కలతో ఎవరు ఎంత దాచారో లెక్క పెట్టుకున్నారు. ఇంటి నమూనాను నిలువెత్తున కట్టి చూసుకున్నారు. స్థలం చిన్నది కాబట్టి 14 అడుగుల ఎత్తు గది, దానిలో సగానికి అటక కావాలని అడిగారు. కింద వంట, పైన పడక. చిన్న గుడిసెలో పిల్లలను పెంచిన మనిషికి తట్టే ఆలోచన ఇది.

వాళ్లకు ఇళ్లు వెంటనే రాలేదు. ఎన్నో ఏళ్లు పట్టింది. అయినా సంఘం చెదిరిపోలేదు. తర్వాత రైలు పట్టాల పక్కన ఉన్న వేల కుటుంబాలను వేరే చోటికి మార్చవలసి వచ్చినప్పుడు ఆ లెక్కలు, ఆ తరలింపు పనిలో వీళ్ల సంఘాలే ముందు నిలిచాయి. జోకిన్‌కు 2000లో రామన్ మెగసెసే అవార్డు, 2011లో పద్మశ్రీ వచ్చాయి. 2018లో ఆయన కన్నుమూశారు. ఆయన కట్టిన సమాఖ్య ఆయనతో పోలేదు. మా వాడ అధ్యక్షుడికీ ఆయనకూ తేడా ఇదే.

కొందరు మిత్రులు నాతో వాదించారు. "ఆఫీసరు ముందు నిలబడి మాట్లాడాలంటే చదువు కావాలి కదా, కూలికి పోయే ఆడవాళ్లు సంస్థను నడపగలరా?" అంటారు. చదువు కావాలి, నిజమే. కానీ చదువు రాయడానికి, చదివి వినిపించడానికి కావాలి. పెత్తనానికి కాదు. మనం నాలుగు అక్షరాలు నేర్చుకుని వెళ్లి మన అమ్మల మీదే అధ్యక్షులమైతే, ఇన్నాళ్లూ మన మీద పెత్తనం చేసినవాళ్లకూ మనకూ తేడా ఏముంది?

మన దగ్గర ఇలాంటి సంఘం ఏం చేయగలదో కూడా చెబుతాను. 2024 మార్చిలో తెలంగాణలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో సొంత స్థలం ఉన్న పేదలకు 5 లక్షల రూపాయలు నిర్ణయించారు. ఆ డబ్బు ఒకేసారి రాదు, పని జరిగిన దశను బట్టి విడతలుగా వస్తుంది. మొదటి విడత బేస్‌మెంటు పూర్తయ్యాకే. అంటే పునాది తవ్వడానికి చేతిలో డబ్బు ఉండాలి. అది లేకనే పేదవాడు వడ్డీకి తెస్తాడు. బిల్లు వచ్చేసరికి వడ్డీ పెరుగుతుంది, చివరికి గోడల దగ్గర ఇల్లు ఆగిపోతుంది. వాడలో నెలనెలా దాచుకున్న పొదుపు ఉంటే ఒకరి పునాదికి అప్పు ఇచ్చి, బిల్లు రాగానే తిరిగి తీసుకుని, ఇంకొకరికి ఇవ్వవచ్చు. పది ఇళ్లకు సిమెంటు, ఇసుక కలిపి కొంటే బేరం కుదురుతుంది. స్థలం లేనివాళ్ల పేర్లు రాసి ఉంటే అడగడానికి ఆధారం ఉంటుంది. దీనికి పెద్ద విరాళాలు అక్కరలేదు. నమ్మకం కావాలి.

ఆ నమ్మకం నిలవాలంటే నాయకత్వానికి కొన్ని కట్టుబాట్లు ఉండాలని నా అభిప్రాయం. లెక్క ప్రతి నెలా అందరిలో చదవాలి. బ్యాంకులో సంతకాలు వాడలోని ఇద్దరు ఆడవాళ్లవి ఉండాలి. అధ్యక్ష పదవి రెండేళ్లకు మించి ఒకరి దగ్గర ఉండకూడదు. సంఘం నడిపేవాళ్ల ఇల్లు వరుసలో చివరన ఉండాలి. ఈ చివరి మాట చాలామందికి నచ్చదు. కానీ ముందు తన ఇల్లు కట్టుకున్న నాయకుడి మాట ఆ మర్నాటి నుంచి ఎవరూ వినరు.

పోయిన సంక్రాంతి సెలవుల్లో ఒక నోటుబుక్కు పట్టుకుని మా వాడలో ఇల్లిల్లూ తిరిగాను. ఎన్ని రేకుల ఇళ్లు, ఎన్ని పెంకుటిళ్లు, ఎవరికి పట్టా ఉంది, ఎవరికి లేదు అని రాశాను. కొందరు చెప్పారు, కొందరు తలుపు తీయలేదు. పొదుపు సంఘం మాట ఎత్తగానే మా అమ్మ అడిగింది ఒక్కటే. "పుస్తకం ఎవరి దగ్గర ఉంటది బిడ్డా?"

నా దగ్గర ఉండదని చెప్పాను. అప్పుడే మిగతా మాటలు వినడానికి కూర్చుంది.

మిత్రులారా, ఈ వేసవి సెలవులకు వెళ్లేటప్పుడు మీరూ ఒక నోటుబుక్కు తీసుకువెళ్లండి. మీ వాడ ఇళ్లు లెక్క పెట్టండి. రాసినదంతా అందరికీ చదివి వినిపించండి. హాస్టల్‌కు తిరిగి వచ్చేటప్పుడు ఆ పుస్తకాన్ని అక్కడే, వాళ్ల చేతుల్లో పెట్టి రండి.