రెండు భాషలు, నాలుగున్నరేళ్ళు

మన అసోసియేషన్ ఉగాది వేడుకల్లోనైనా, ఎవరింట్లోనైనా వ్రతం భోజనాల దగ్గరైనా, నలభై దాటినవాళ్ళం నలుగురం చేరామంటే మాటలు రెండు విషయాల మీదికే మళ్ళుతున్నాయి. ఒకటి, ఇండియాలో ఉన్న అమ్మానాన్నల ఆరోగ్యం. రెండు, పిల్లలకు తెలుగు రావడం లేదన్న బెంగ. ఈ రెంటినీ కలిపే పరిశోధన ఒకటి ఉందని చెబితే చాలామంది ఆశ్చర్యపోతారు. అది ఏ బోస్టన్‌లోనో జరిగింది కాదు. మన హైదరాబాదులో, పంజగుట్ట నిమ్స్ ఆస్పత్రిలో జరిగింది. నేను కంప్యూటర్ల మనిషినే గానీ డాక్టర్ని కాను. చదివి అర్థం చేసుకున్నది మీతో పంచుకుంటాను.

ముందు జబ్బు సంగతి. పోపులో ఆవాలు వేశామా లేదా అని తడుముకోవడం వేరు. నలభై ఏళ్ళుగా పెడుతున్న చారు ఎలా పెట్టాలో తోచక పొయ్యి ముందు నిలబడిపోవడం వేరు. మొదటిది వయసుతో వచ్చే మామూలు మతిమరుపు. రెండోది డిమెన్షియా కావచ్చు. డిమెన్షియాకు కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో పెద్దది ఆల్జైమర్స్ జబ్బు. 1906లో జర్మన్ వైద్యుడు అలోయిస్ ఆల్జైమర్ దీన్ని మొదటిసారి వర్ణించాడు. మెదడులో నాడీకణాల మధ్య అమిలాయిడ్ అనే ప్రోటీను గడ్డలు కడుతుంది. కణాల లోపల టౌ అనే ఇంకో ప్రోటీను చిక్కుపడ్డ దారపుండలా పేరుకుంటుంది. ఇదంతా పైకి ఏ లక్షణమూ కనిపించకముందే, పదిహేను ఇరవై ఏళ్ళ పాటు చాటుగా సాగుతుంది.

మందులు రాలేదా అంటే, వచ్చాయి. లెకానెమాబ్ అనే మందుకు 2023 జులైలో అమెరికా ఎఫ్‌డీఏ పూర్తి ఆమోదం ఇచ్చింది. 2024 జులైలో డొనానెమాబ్‌కు ఇచ్చింది. ఇవి అమిలాయిడ్‌ను మెదడులోంచి ఊడ్చేస్తాయి. లెకానెమాబ్‌ను 1,795 మంది మీద 18 నెలల పాటు పరీక్షించారు. మందు పుచ్చుకున్నవాళ్ళలో క్షీణత 27 శాతం తక్కువగా ఉంది. వినడానికి పెద్ద అంకెలానే ఉంది కదూ? కానీ 18 పాయింట్ల కొలబద్ద మీద ఆ తేడా అర పాయింటుకన్నా తక్కువ. పైగా జబ్బు తొలిదశలో ఉన్నవాళ్ళకే ఇస్తారు. కొందరికి మెదడులో వాపు, రక్తస్రావం వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి మధ్యమధ్య ఎమ్మారై స్కాన్లు తప్పవు. 2025 మేలో అమిలాయిడ్ జాడ పట్టడానికి సాయపడే రక్తపరీక్షకు కూడా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. ఇవన్నీ మంచి అడుగులే. అయితే పోయిన జ్ఞాపకాన్ని తిరిగి తెచ్చే మందు మాత్రం ఇంకా లేదు. అందుకే జబ్బు బయటపడటాన్ని నాలుగేళ్ళు వెనక్కి నెట్టగలిగేది ఏదైనా ఉంటే అది చిన్న విషయం కాదు.

ఇక హైదరాబాదుకు వద్దాం. డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆవిడ సహచరులు నిమ్స్‌లో డిమెన్షియాతో వచ్చిన 648 మంది వివరాలు పరిశీలించారు. వాళ్ళలో 391 మంది రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ భాషలు మాట్లాడేవాళ్ళు. ఒకే భాష వచ్చినవాళ్ళలో జబ్బు లక్షణాలు సగటున 61.1 ఏళ్ళకు మొదలైతే, రెండు భాషలవాళ్ళలో 65.6 ఏళ్ళకు మొదలయ్యాయి. అంటే తేడా నాలుగున్నరేళ్ళు. 2013లో ఇది 'న్యూరాలజీ' అనే వైద్య పత్రికలో వచ్చింది.

అంతకుముందే, 2007లో కెనడాలోని టొరాంటోలో ఎలెన్ బియాలిస్టాక్ బృందం 184 మంది రోగులను చూసి ఇలాంటి ఫలితమే చెప్పింది. కానీ అక్కడ ఒక చిక్కు వచ్చింది. టొరాంటోలో రెండు భాషలవాళ్ళు చాలామంది మనలాంటి వలసవచ్చినవాళ్ళే. వలసవెళ్ళేవాళ్ళు సాధారణంగా ఆరోగ్యవంతులు, గట్టివాళ్ళు అయి ఉంటారు. మరి ఫలితం భాషదా, మనిషిదా? హైదరాబాదులో ఆ గొడవ లేదు. అక్కడ తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు ఒకే బజారులో కలిసి తిరుగుతాయి. రెండు భాషలు రావాలంటే సముద్రాలు దాటనక్కర లేదు, వీధి చివరి కిరాణా కొట్టు దాకా వెళితే చాలు. ఇంకో ముఖ్యమైన సంగతి. బడి మెట్లు ఎక్కనివాళ్ళలో ఈ తేడా దాదాపు ఆరేళ్ళు ఉంది. కాబట్టి ఇదంతా చదువు మహిమే అనడానికీ వీల్లేదు. మూడో భాష వల్ల అదనపు లాభమేమీ కనిపించలేదు.

ఎలా సాధ్యం? పంజగుట్టలోనే ఒక ఉదాహరణ చెబుతాను. మెయిన్ రోడ్డు జామ్ అయింది. కొత్త ఆటో అతను హారన్ కొడుతూ అక్కడే కూర్చుంటాడు. పాత ఆటో అతను గల్లీల్లోంచి తిప్పి మిమ్మల్ని చేరుస్తాడు. రోడ్డు ఇద్దరికీ ఒకటే, తెలిసిన దారులు వేరు. మా వృత్తిలో దీన్నే రిడండెన్సీ అంటాం. ఒక సర్వర్ పడుకుంటే పని ఇంకోదానిమీదికి మళ్ళుతుంది. వైద్యులు మెదడులోని ఈ అదనపు సామర్థ్యాన్ని కాగ్నిటివ్ రిజర్వ్ అంటారు. రెండు భాషలు వచ్చిన మనిషి తలలో రెండూ ఎప్పుడూ మేలుకునే ఉంటాయి. ఒకటి మాట్లాడుతున్నప్పుడు రెండోదాన్ని పట్టి ఆపాలి. మీ అమ్మాయి ఫోనులో "అమ్మమ్మా, తిన్నావా?" అని, పక్కకు తిరిగి తమ్ముణ్ణి ఇంగ్లీషులో కసురుకుంటుంది చూడండి, ఆ అర సెకనులో మెదడు చేసే కసరత్తు అదే. ఏళ్ళ తరబడి చేస్తే గల్లీలు ఏర్పడతాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక. గల్లీలు తెలిసినంత మాత్రాన మెయిన్ రోడ్డు బాగుపడదు. టొరాంటోలోనే 2012లో వచ్చిన ఇంకో అధ్యయనంలో, ఒకే స్థాయి మతిమరుపు ఉన్న రోగుల్లో రెండు భాషలవాళ్ళ మెదడే ఎక్కువగా కుంచించుకుపోయి కనిపించింది. అంటే భాష జబ్బును ఆపలేదు, దాచిపెట్టింది. ఇంకా చెప్పాలంటే, పరిశోధనలన్నీ ఒక్క మాట మీద లేవు. న్యూయార్క్‌లో స్పానిష్ మాట్లాడే వెయ్యిమందికి పైగా వృద్ధులను ఏళ్ళ తరబడి గమనించి 2014లో ప్రకటించిన అధ్యయనంలో ఈ రక్షణ కనబడలేదు. కనుక తెలుగును టానిక్కులాగా పిల్లల గొంతులో పోయకండి.

మరి పోయాల్సిన అవసరం ఏముంది? అసలు కారణం నాకు వేరే చోట కనిపించింది. మా ఊళ్ళో మాకు తెలిసిన ఒక బామ్మగారు ఉన్నారు. పాతికేళ్ళకు పైగా ఇక్కడే ఉండి, లైబ్రరీలో వాలంటీరుగా చేసి, చక్కటి ఇంగ్లీషు మాట్లాడిన మనిషి. జబ్బు ముదిరేకొద్దీ ఇంగ్లీషు జారిపోయింది. నర్సు ఇంగ్లీషులో అడిగితే ఆవిడ తెలుగులో జవాబు చెబుతారు. ఇలాంటి రోగుల్లో తరచు తర్వాత నేర్చుకున్న భాష ముందు పోయి, చిన్ననాటి భాష చివరిదాకా నిలుస్తుందని వైద్యులు అంటారు. ఆవిడ పెంచిన మనవరాలికి తెలుగు రాదు. మంచం పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటుంది. బామ్మగారు ఏదో అడుగుతారు. ఆ పిల్ల తల్లి వైపు చూస్తుంది. మనిషి ఇంకా ఉంది, మాట కూడా ఉంది, వినేవాళ్ళే లేరు.

మా అబ్బాయి బడిలో చేరినప్పుడు ఒక టీచరు ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడమని, లేకపోతే పిల్లవాడు తికమక పడతాడని చెప్పారు. రెండు భాషలు పిల్లల్ని అయోమయంలో పడేయవని పరిశోధకులు చాలాకాలంగా చెబుతూనే ఉన్నారు. రెంటినీ కలిపి మాట్లాడటం ఎదుగుదలలో ఒక దశ, అంతే. మా ఇంట్లో తెలుగు ఆగలేదు.

ఇక ఇండియాలో ఉన్న పెద్దవాళ్ళ సంగతి. ఫోనులో పది నిమిషాలు ఎవరైనా బాగానే మాట్లాడగలరు. "బాగున్నారా?" అంటే "బాగున్నాం" అనే వస్తుంది. "నిన్న ఎవరొచ్చారు? ఏం వండావు?" అని అడిగి చూడండి. అదే మాట మళ్ళీ మళ్ళీ వస్తున్నా, కరెంటు బిల్లు రెండుసార్లు కట్టినా, తెలిసిన వీధిలో దారి తప్పినా డాక్టరుకు చూపించండి. విటమిన్ బి12 లోపం, థైరాయిడ్ తేడా వల్ల కూడా మతి మందగించవచ్చు. వాటికి వైద్యం ఉంది. 2024లో లాన్సెట్ కమిషన్ డిమెన్షియాకు దోహదం చేసే, మనం మార్చగలిగే 14 కారణాలను పేర్కొంది. వాటిని సరిదిద్దగలిగితే ప్రపంచంలోని డిమెన్షియా కేసుల్లో దాదాపు 45 శాతాన్ని నివారించడమో, వాయిదా వేయడమో సాధ్యమని అంచనా వేసింది. రక్తపోటు, షుగరు, కొలెస్టరాల్, పొగతాగడం, ఒంటరితనం, చూపు, వినికిడి అందులో ఉన్నాయి. నాన్నగారు చెవి మిషను వద్దని మొరాయిస్తే, అది చెవికోసమే కాదని చెప్పండి.

పిల్లలూ, చివరగా మీకో పని. ఈ ఆదివారం అమ్మమ్మకో తాతయ్యకో మీరే ఫోన్ చేసి, వాళ్ళు మీ వయసులో ఆడుకున్న ఆట ఒకటి చెప్పమని అడగండి. తెలుగులోనే అడగండి. తప్పులొచ్చినా ఫరవాలేదు, వాళ్ళు దిద్దుతారు. ఆ దిద్దడంలో రెండు మెదళ్ళకూ పని దొరుకుతుంది.