గణకయంత్రమును కవిత్వమును

గణకయంత్రము పద్యములల్లుచున్నదనియు, బొమ్మలు గీయుచున్నదనియు, రాగములు కూర్చుచున్నదనియు నేడు ఎల్లెడల వినవచ్చుచున్నది. ఇందుచే కళలకు కీడు మూడినదని కొందఱును, ఇక ఛందస్సు నేర్వనక్కఱలేదని కొందఱును తలంచుచున్నారు. ఈ రెండు తలంపులును సరియైనవి కావని నా యభిప్రాయము.

మొదటివారు లెక్కకును కవితకును పొత్తు క్రొత్తదనుకొనుచున్నారు. ప్రాచీనుడగు పింగళుడు మొదలుకొని మన ఛందశ్శాస్త్రజ్ఞులు గురు లఘువులు రెండింటితోడనే వృత్తములన్నిటిని లెక్కించిరి. మూడక్షరములకు గణములెనిమిది, ఇరువది యక్షరముల పాదమునకు వృత్తములు 10,48,576. ఉత్పలమాల వానిలో ఎన్నవదో తెలియగోరినచో, పాదమున మొదటి యక్షరము క్రింద 1 వేసి, పిదప 2, 4, 8 అని రెట్టించుచు పోయి, లఘువుల క్రింది యంకెలను కూడి, ఒకటి చేర్చవలెను. 3,55,799 వచ్చును. దీనినే ఉద్దిష్టమందురు. గణకయంత్రమును సున్న, ఒకటి యను రెండంకెలతోడనే కదా పనిచేయుచున్నది! కావున లెక్క కవితకు శత్రువు కాదు.

ఇక రెండవవారి మాట. 1843లో ఇంగ్లండున ఏడా లవ్‌లేసు అను విదుషి, బాబేజి సంకల్పించిన యంత్రమును గూర్చి వ్రాయుచు, అది సంగీతమును సయితము కూర్పవచ్చుననెను. కాని స్వయముగా దేనిని సృజింపజాలదనియు చెప్పెను. 1957లో అమెరికాయందలి ఇల్లినాయి విశ్వవిద్యాలయమున హిల్లరు, ఐజాక్సను అనువారు ఇల్లియాక్ యంత్రముచే నాలుగు తంత్రీవాద్యములకొక కృతిని కూర్పించిరి. యంత్రము యాదృచ్ఛికముగ సంఖ్యలను పుట్టింపగా, సంగీత నియమములకు లొంగనివి త్రోసివేయబడెను. ఆ నియమముల నొసగినవారు మనుష్యులే.

నేటి యంత్రములు మనుష్యులు వ్రాసిన అసంఖ్యాకములగు వ్రాతలనుండి పోలికలు గ్రహించి మాటలు పేర్చుచున్నవి. అవి పేర్చినది బాగున్నదో లేదో చెప్పవలసినవాడు చదువరి. యతి తప్పినదో, ప్రాస చెడినదో యెఱుగనివాడు తలయూపుట తప్ప ఏమి చేయగలడు? గణములు సరిపోయినను భావము పండినదా యని యెట్లు తెలిసికొనగలడు?

విద్యార్థులారా! మీరు వ్రాసిన పద్యమున గణములను సరిచూచుటకు యంత్రమును వాడుకొనుడు. అందు దోషము లేదు. కాని పద్యమునే యంత్రముచే వ్రాయించి మీ పేరు పెట్టుకొనకుడు. అట్లు చేసినచో గురువును మోసపుచ్చుట యటుండగా, మీ చెవికి కలుగవలసిన శిక్షణము మీకు దక్కదు. తలిదండ్రులును బిడ్డలు తప్పులతో వ్రాసిన పద్యమును చూచి నవ్వక, మెచ్చి దిద్దవలెను. తప్పులు దిద్దుకొనుచు వ్రాసిన చేతికే కాలక్రమమున యంత్రమును ఏలు నేర్పు అలవడును.